ముడుచుకున్న గొలుసు – రాబర్ట్ హోలీ

రాబర్ట్ విలియం హోలీ 1922 జనవరి 28న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, అర్బానా అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి చార్లెస్, తల్లి వయోలా. ఇద్దరిదీ చదువు చెప్పే వృత్తే. నలుగురు అన్నదమ్ముల్లో ఆయన ఒకరు. బడి చదువు ఒక్కచోట సాగలేదు. ఇల్లినాయ్‌లో కొంత, కాలిఫోర్నియాలో కొంత, ఐడహోలో కొంత చదివి, 1938లో అర్బానా హైస్కూల్లో ముగించారు. అట్లాసు తీసి ఈ మూడు రాష్ట్రాలనూ వెతకండి. కాలిఫోర్నియా సముద్రపు ఒడ్డున, ఐడహో కొండల నడుమ, ఇల్లినాయ్ మైదానంలో కనిపిస్తాయి. టీసీ చేత పట్టుకుని కొత్త బడి గేటు ముందు నిలబడ్డ అనుభవం మీలో చాలామందికి ఉంది కాబట్టి ఇంతకంటే విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆరుబయట తిరగడమన్నా, జీవుల సంగతులు తెలుసుకోవడమన్నా ఆయనకు జీవితాంతం ఇష్టం.

మేము ఈయన జీవితాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈయనకు పేరు తెచ్చిన పదార్థం పేరే ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ. ట్రాన్స్‌ఫర్ అన్న మాట ఏప్రిల్ నెలలో మన ఇళ్ళలో ఎంత గుబులు పుట్టిస్తుందో మనకు తెలుసు. హోలీ పరిశోధించిన ట్రాన్స్‌ఫర్ మాత్రం ప్రతి జీవకణంలోనూ క్షణం ఆగకుండా జరుగుతూనే ఉంటుంది. ఇంకో కారణం తెలుగు పద్యానికి సంబంధించింది. అది సందర్భం వచ్చినప్పుడు చెబుతాం.

1942లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకుని హోలీ న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరారు. అది రెండో ప్రపంచయుద్ధ కాలం. గాయపడ్డ సైనికులకు పెన్సిలిన్ కావాలి. దాన్ని బూజు నుంచి తీయడమే కాకుండా ప్రయోగశాలలో రసాయనాలతో తయారు చేయగలమా అని శాస్త్రవేత్తలు ప్రయత్నిస్తున్న రోజులు. విన్సెంట్ డు విన్యో అనే ప్రొఫెసర్ బృందంలో 1944 నుంచి 1946 వరకు హోలీ ఆ పని చేశారు. పెన్సిలిన్‌ను రసాయనాలతో మొదటిసారి తయారు చేసింది ఆ బృందమే. మధ్యలో 1945లో ఆన్ డ్వోర్కిన్‌తో వివాహమైంది. ఆమె రసాయనశాస్త్రం చదివారు, హైస్కూల్లో లెక్కలు చెప్పారు. వారికి ఒక్కడే కొడుకు, ఫ్రెడరిక్. యుద్ధం వల్ల ఆగిన డాక్టరేట్ 1947లో పూర్తయింది. ఆ తర్వాత వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక ఏడాది, మళ్ళీ న్యూయార్క్ రాష్ట్రంలో జెనీవా అనే ఊళ్ళో కార్నెల్‌కు చెందిన వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఉద్యోగం. ఇక్కడిదాకా ఆయన ఒక మంచి రసాయనశాస్త్రవేత్త, అంతే. లోకం గుర్తుపెట్టుకునే పని ఇంకా మొదలు కాలేదు.

అది 1955–56లో మొదలైంది. సెలవు తీసుకుని ఆయన కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ సంస్థకు వెళ్ళారు. జీవకణాల్లో ప్రోటీన్లు ఎలా తయారవుతాయన్న ప్రశ్న అప్పుడు అందరినీ వేధిస్తోంది. పై తరగతుల పిల్లలకు ఇది పాఠంలో వచ్చే విషయమే. చిన్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. ప్రోటీను అంటే అమైనో ఆమ్లాలనే పూసలు గుచ్చిన దండ. పూసల రకాలు 20. ఏ పూస తర్వాత ఏ పూస రావాలో చెప్పే ఉత్తరువు డీఎన్‌ఏలో ఉంటుంది. దాని నకలు ఆర్‌ఎన్‌ఏ రూపంలో రైబోజోమ్ అనే కార్ఖానాకు చేరుతుంది. కాని ఉత్తరువులోని అక్షరాలకు పూసలను గుర్తుపట్టే శక్తి లేదు. ఒక చేత్తో పూసను పట్టుకుని, ఇంకో చేత్తో ఉత్తరువులోని మూడక్షరాల మాటను చదివి, పూసను తన స్థానానికి చేర్చే మధ్యవర్తి ఒకటి కావాలి. అలాంటిది ఉండి తీరాలని ఇంగ్లండులో ఫ్రాన్సిస్ క్రిక్ ఊహించారు. బోస్టన్‌లో పాల్ జామెక్నిక్, మాలన్ హోగ్లండ్ ఆ చిన్న ఆర్‌ఎన్‌ఏను ప్రయోగంలో కనుగొన్నారు. అలనైన్ అనే అమైనో ఆమ్లం ఒక ఆర్‌ఎన్‌ఏతో ముడిపడి ఉందని హోలీ ప్రయోగాలు కూడా సూచించాయి. దాన్నే ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ అంటున్నాం. ఇకమీదట టీ-ఆర్‌ఎన్‌ఏ అని రాస్తాం.

హోలీ వేసుకున్న ప్రశ్న వినడానికి చిన్నది. ఈ టీ-ఆర్‌ఎన్‌ఏలో ఏ అక్షరం తర్వాత ఏ అక్షరం ఉంది? ఆర్‌ఎన్‌ఏలో ముఖ్యమైన అక్షరాలు నాలుగే: ఏ, యు, జి, సి. అప్పటివరకు ప్రపంచంలో ఒక్క ఆర్‌ఎన్‌ఏ అణువును కూడా ఎవరూ మొదటి నుంచి చివరిదాకా చదవలేదు. ఫ్రెడరిక్ శాంగర్ ఇన్సులిన్ అనే ప్రోటీనును చదివారు గాని, ప్రోటీన్లలో 20 రకాల దాకా పూసలుంటాయి. ముక్కలు చేసి మళ్ళీ అతికేటప్పుడు ఏ ముక్క ఎక్కడిదో పోల్చుకోవచ్చు. నాలుగే అక్షరాలున్న దండలో ప్రతి ముక్కా పక్క ముక్కలాగే ఉంటుంది. అక్షరాలు తక్కువైతే చదవడం తేలికని అనుకుంటాం కదా, ఇక్కడ అది తలకిందులు.

దానికి ముందు ఇంకో చిక్కు. కణంలో టీ-ఆర్‌ఎన్‌ఏలు చాలా రకాలు. అన్నీ దాదాపు ఒకే పొడవు, ఒకే తీరు. వాటిలోంచి అలనైన్‌ను మోసేదాన్ని ఒక్కదాన్ని వేరు చేయాలి. హోలీ అప్పటికి ఇథాకా ఊళ్ళో, కార్నెల్ ఆవరణలోనే ఉన్న అమెరికా ప్రభుత్వ వ్యవసాయశాఖ ప్రయోగశాలలో చేరారు. అంటే ఆయనా మీ అమ్మానాన్నల్లాగే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయ్యారన్నమాట. రొట్టెలు పొంగించే మామూలు బేకరీ ఈస్టుతో పని మొదలుపెట్టారు. ఒకదానిలో ఒకటి కలవని రెండు ద్రవాల మధ్య ఈ ఆర్‌ఎన్‌ఏను వేసి కుదిపితే ఒక్కో రకం ఒక్కో పాళ్ళలో రెండింటికీ పంచుకుంటుంది. ఆ తేడా చాలా స్వల్పం. వరసగా పేర్చిన గాజు గొట్టాల్లో ఒక దాని నుంచి ఇంకోదానికి వందల సార్లు మారుస్తూ పోతే ఆ స్వల్పమే పెరిగి పెరిగి, రకాలు విడిపోతాయి. 140 కిలోల ఈస్టు నుంచి 200 గ్రాముల టీ-ఆర్‌ఎన్‌ఏల మిశ్రమం వచ్చింది. అందులోంచి శుద్ధమైన అలనైన్ టీ-ఆర్‌ఎన్‌ఏ 1 గ్రాము. 50 కిలోల బియ్యం బస్తాలు మూడింటికి కాస్త తక్కువ సరుకు నుంచి చిటికెడు పొడి! దానికే ఏళ్ళు పట్టింది. ఆ చిటికెడుతోనే చదువు పూర్తి చేయాలి. ఒలికితే మళ్ళీ బస్తాల దగ్గర నుంచి మొదలు.

చదవడానికి వాళ్ళు వాడిన కత్తెరలు రెండు ఎంజైములు. ఒకటి పశువుల క్లోమం నుంచి తీసినది. అది సి, యు అక్షరాల తర్వాత కోస్తుంది. రెండోది జపాన్ శాస్త్రవేత్తలు ఒక బూజు నుంచి వేరు చేసిన టీ1 అనే ఎంజైము. జి కనిపిస్తే దాని తర్వాత కోస్తుంది. ఒకే దండను రెండు కత్తెరలతో విడివిడిగా కోసి, వచ్చిన ముక్కలను పక్కపక్కన పెట్టి పోల్చారు. అయినా చిన్న చిన్న ముక్కలే వస్తున్నాయి, వాటిని వరసలో పేర్చే దారి దొరకడం లేదు. ఈ అణువులో నాలుగు అక్షరాలు కాక కొన్ని అరుదైన అక్షరాలు కూడా ఉండటం ఆనవాళ్ళుగా కొంత పనికొచ్చింది. కాని అది చాలలేదు.

ముడి విప్పింది ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థి జాన్ రాబర్ట్ పెన్స్‌విక్. టీ1 కత్తెరను మంచు చలిలో, అంటే 0 డిగ్రీల దగ్గర, కొద్దిసేపు మాత్రమే పని చేయనిచ్చి చూశారు. దండ చిందరవందరగా తెగలేదు. సరిగ్గా నడిమికి రెండు పెద్ద ముక్కలైంది. ఏ ముక్క ముందుదో, ఏది వెనకదో ఇక తేల్చవచ్చు. ఎందుకు ఒక్కచోటే తెగింది? ఆ చలిలో దండ తనలోకి తాను ముడుచుకుని ఉంది. మడతల్లో దాగిన అక్షరాలకు కత్తెర అందలేదు. బయటికి పొడుచుకొచ్చిన వంపు ఒక్కటే దొరికింది. ఉత్తరువులోని మూడక్షరాల మాటను చదివే చోటు కూడా ఆ వంపే. పని చేయాల్సిన భాగం బయట ఉంటుంది, పనిముట్టును నిలబెట్టే భాగం లోపల బిగిసి ఉంటుంది. ఈ ఒక్క ప్రయోగంలో అక్షరాల వరసా, ఆకారమూ రెండూ ఒకేసారి తొంగిచూశాయి.

1965 మార్చిలో సైన్స్ అనే పత్రికలో ఆ వరస అచ్చయింది. 77 అక్షరాలు. హోలీతో పాటు ఏడుగురి పేర్లు ఉన్నాయి: జీన్ అప్గార్, జార్జ్ ఎవరెట్, జేమ్స్ మాడిసన్, మార్క్ మార్క్విసీ, సుసాన్ మెరిల్, పెన్స్‌విక్, అడా జమీర్. ఏడుగురి పేర్లూ కావాలనే రాశాం. బహుమతి ఒకరికి వస్తుంది, గొట్టాలు కుదిపింది చాలామంది చేతులు.

వరస తెలిశాక అసలు ఆశ్చర్యం మొదలైంది. ఆర్‌ఎన్‌ఏ అక్షరాల్లో జికి సితో, ఏకి యుతో జత కుదురుతుంది. దండ వంగి, దూరంగా ఉన్న అక్షరాలు ఎదురెదురుగా వచ్చి జత కడితే ఎలాంటి ఆకారాలు రావచ్చో హోలీ బృందం బొమ్మలు గీసింది. వాటిలో ఒకటి కార్నెల్‌లోనే పనిచేసే ఎలిజబెత్ కెల్లర్ అనే శాస్త్రవేత్త సూచించినది. మన పెరట్లో తడి నేల మీద మొలిచే పులిచింత ఆకు చూశారా? ఒక కాడ, మూడు రెక్కలు. అదే ఆకారం. దండ రెండు కొసలూ కలిసి కాడ అవుతాయి. మధ్యలో మూడు చోట్ల మెలిక తిరిగి మూడు రెక్కలవుతాయి.

అది ఊహేనా, నిజమా? తేల్చింది మిగతా టీ-ఆర్‌ఎన్‌ఏలు. 1966, 67 సంవత్సరాల్లో సెరీన్, టైరోసీన్, ఫినైల్ అలనైన్ అనే అమైనో ఆమ్లాలను మోసే టీ-ఆర్‌ఎన్‌ఏలను కూడా చదివారు. ఫినైల్ అలనైన్‌ది చదివిన బృందానికి పెద్ద నేపాల్‌లో పుట్టిన ఉత్తమ్ రాజ్‌భండారీ. వీటి అక్షరాల వరసలు పక్కన పెట్టి చూస్తే ఒకదానికొకటి పోలిక తక్కువ. కాని ప్రతి దాన్నీ పులిచింత ఆకులా మడవవచ్చు. వేరే ఆకారాల్లోకి అన్నీ ఇమడవు. అక్షరాలు మారాయి, మడత మారలేదు.

ఇక్కడే మా పద్యం సంగతి. పై తరగతుల్లో ఛందస్సు చదివిన వాళ్ళకు తెలుసు, ఉత్పలమాలలో ప్రతి పాదంలోనూ మొదటి అక్షరానికీ పదో అక్షరానికీ యతి కుదరాలి. కవి పాదంలో మాటలు మార్చుకోవచ్చు. మొదటి అక్షరం మారిస్తే మాత్రం పదో అక్షరం సంగతి చూసుకోవాల్సిందే. లేకపోతే పద్యం పద్యంగా నిలవదు. దూరంగా ఉన్న రెండు అక్షరాలను ఒక నియమం కట్టి ఉంచింది. టీ-ఆర్‌ఎన్‌ఏలోనూ అంతే. కాడలో ఒకవైపు జి, ఎదురుగా సి ఉన్నాయనుకోండి. తరాలు గడిచేకొద్దీ జన్యువుల్లో అక్షరాలు అక్కడక్కడ మారడం సహజం. సి పోయి ఏ వచ్చిందనుకోండి, జికి ఏతో పొసగదు. అలాంటివి పోగైతే మడత వదులవుతుంది, అణువు పని చెడుతుంది, ఆ మార్పును మోసే జీవి వెనకబడుతుంది. చాలా తరాల తర్వాత చూస్తే ఆ మార్పు కనబడదు. కాని ఒకవైపు మారినప్పుడు ఎదుటి అక్షరం కూడా తగినట్టు మారితే మడత నిలుస్తుంది, ఆ జీవి వంశం సాగుతుంది. అందుకే వేరువేరు జీవుల ఆర్‌ఎన్‌ఏలను పోల్చినప్పుడు ఒకచోట జి–సి ఉంటే, ఇంకో జీవిలో అదే చోట ఏ–యు కనిపిస్తుంది. ప్రకృతి అక్షరాలను పట్టుకుని కూర్చోలేదు, జతను కాపాడింది.

రెండూ ఒకేసారి మారడం ఎంత అరుదు, మరి అదెలా సాధ్యమైందని అడిగే తెలివైన పిల్లలు మీలో ఉంటారు. జవాబు కూడా ఛందస్సులో ఉంది. యతికి అదే అక్షరం రానక్కర్లేదు, మైత్రి ఉన్న అక్షరం వచ్చినా చాలు. క ఉన్నచోట గ సరిపోతుంది, అ ఉన్నచోట య, హ సరిపోతాయి. ఆర్‌ఎన్‌ఏలో అలాంటి స్నేహం జికీ, యుకీ మధ్య ఉంది. జి–యు జత జి–సి అంత గట్టిది కాదు, కాని మడత విడిపోదు. కాబట్టి ముందు సి మారి యు అవుతుంది, జి–యు. తర్వాత ఎన్నో తరాలకు జి మారి ఏ అవుతుంది, ఏ–యు. మధ్య మెట్టు ఉంది కాబట్టి పడిపోకుండా ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టుకు చేరింది. వియన్నాలో పీటర్ షుస్టర్ బృందం 1994లో కంప్యూటర్ లెక్కలతో చూపించింది కూడా ఇలాంటిదే. ఒకే మడతకు వచ్చే వరసలు కోకొల్లలు. ఒక్కో అక్షరం లేదా ఒక్కో జత మార్చుకుంటూ, మడత చెడకుండా, ఒక వరస నుంచి దానితో ఏ పోలికా లేని ఇంకో వరసదాకా నడిచి వెళ్ళే దారులున్నాయి.

తర్వాతి వాళ్ళు ఈ నియమాన్నే పనిముట్టు చేసుకున్నారు. 1969లో మైఖేల్ లెవిట్ రకరకాల టీ-ఆర్‌ఎన్‌ఏల వరసలను పోల్చి, ఏయే అక్షరాలు జంటగా మారుతున్నాయో చూసి, పులిచింత ఆకు మళ్ళీ ఎలా ముడుచుకుంటుందో లెక్కగట్టారు. 15వ చోట, 48వ చోట ఉన్న అక్షరాలు చేయి కలుపుతాయని అలాగే పసిగట్టారు. 1974లో అలెగ్జాండర్ రిచ్, ఆరన్ క్లూగ్ బృందాలు ఎక్స్-కిరణాలతో నిజ ఆకారం చూశాయి. ఆ జత అక్కడే ఉంది. మొత్తం అణువు ఎల్ అక్షరంలా మడిచి ఉంది, ఒక కొసన పూస, ఇంకో కొసన మాట చదివే వంపు.

1968లో హోలీకి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. పంచుకున్న మరో ఇద్దరు మార్షల్ నిరెన్‌బర్గ్, మన హర్ గోబింద్ ఖొరానా. ఖొరానా ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న రాయ్‌పూర్ అనే పల్లెలో, పట్వారీ ఇంట్లో పుట్టి, లాహోర్‌లో చదివారు. హోలీ చదివిన వరసనే పట్టుకుని ఖొరానా బృందం అలనైన్ టీ-ఆర్‌ఎన్‌ఏ జన్యువును రసాయనాలతో తయారు చేసి 1970లో ప్రకటించింది. మనిషి తయారు చేసిన మొదటి జన్యువు అదే. ఒకరు ఈస్టు బస్తాల నుంచి చదివారు, ఇంకొకరు దాన్ని చూసి రాశారు.

1975లో పెన్స్‌విక్, ఇద్దరు ఇతర శాస్త్రవేత్తలతో కలిసి, పాత వరసను మళ్ళీ పరీక్షించి సవరించారు. అలనైన్ టీ-ఆర్‌ఎన్‌ఏ అక్షరాలు 77 కావు, 76. పదేళ్ళపాటు లోకమంతా నమ్మిన లెక్కను సవరించిన వారిలో ఆ లెక్క కట్టినవాడే ఉండటం మాకు చాలా నచ్చింది.

హోలీ మాత్రం అప్పటికి ఆర్‌ఎన్‌ఏను వదిలేశారు. 1968 నుంచి కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో ఉంటూ, జంతువుల కణాలు ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో ఎలా తెలుసుకుంటాయన్న ప్రశ్నకు మళ్ళారు. పేరు తెచ్చిన చోటే పాతుకుపోవచ్చు, కాని ఆయన అలా చేయలేదు. భార్యాభర్తలిద్దరికీ సముద్రమన్నా కొండలన్నా ఇష్టం. ఖాళీ దొరికితే ఆయన కంచు శిల్పాలు చేసేవారు. వంపులూ మడతలూ ఉన్న ఆకారాల మీద ఆయనకు మనసు పోవడంలో వింత లేదనిపిస్తుంది మాకు. 1993 ఫిబ్రవరి 11న లాస్ గాటోస్ ఊళ్ళో, 71 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఆయన చదివిన వరసలో ఒక విచిత్రం ఉంది. మొదటి నుంచి మూడో అక్షరం జి. దానికి ఎదురుగా నిలిచేది చివరి నుంచి ఏడో అక్షరం, అది యు. ఇందాక చెప్పిన వదులు జత. మధ్య మెట్టు మాత్రమే అయితే కాలక్రమంలో ఇది ఎప్పుడో గట్టి జతగా మారిపోవాలి. కాని అలనైన్ టీ-ఆర్‌ఎన్‌ఏలలో బాక్టీరియా నుంచి మనిషి దాకా దాదాపు అంతటా అదే చోట జి–యు జతే ఉంది. కారణం 1988లో తెలిసింది. యా-మింగ్ హౌ, పాల్ షిమ్మెల్ ఈ జతను వేరే అమైనో ఆమ్లాన్ని మోసే టీ-ఆర్‌ఎన్‌ఏలో పెట్టి చూశారు. అది అలనైన్‌ను మోయడం మొదలుపెట్టింది! అలనైన్ దానిలోంచి ఆ జతను తీసేస్తే అది అలనైన్‌ను వదిలేసింది. ఆ వదులు జతే దాని గుర్తింపు కార్డు. మిగతా కాడ అంతా మారవచ్చు, ఇది మారడానికి వీల్లేదు.

గుర్తింపు కార్డు ఉన్నచోట పోలికతో వచ్చే పొరపాటు కూడా ఉంటుంది. జంతువుల్లో త్రియోనైన్‌ను మోసే కొన్ని టీ-ఆర్‌ఎన్‌ఏలలో పక్కనే, అంటే నాలుగో చోట, జి–యు జత ఉంటుంది. దాన్ని చూసి కణం అప్పుడప్పుడు పొరబడి వాటికి అలనైన్‌ను తగిలిస్తుంది. ఆ తప్పు పూసను ఊడదీసి పొరపాటును దిద్దే ఒక ఎంజైము జంతువుల్లో ఉందని 2018లో ప్రచురించిన బృందం హైదరాబాద్‌లోని సీసీఎంబీ ప్రయోగశాలది. సెలవులకు హబ్సిగూడ వైపు వెళ్ళేవాళ్ళు తార్నాక దాటాక ఆ గేటు చూడవచ్చు.